మెయిల్స్ వస్తున్నాయి.. పంపితే మాత్రం ఎర్రర్! పాస్‌వర్డ్ మార్చే ముందు ఇవి చూసుకోండి

ఇన్‌బాక్స్‌లోకి మెయిల్స్ టకటకా వచ్చేస్తున్నాయి. రిప్లై కొట్టి సెండ్ నొక్కితే మాత్రం "అవుట్‌గోయింగ్ సర్వర్ అథెంటికేషన్ ఫెయిల్డ్" అంటూ ఓ బాక్స్ వచ్చి కూర్చుంటోంది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా అదే. కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా అదే. అవతల టెండర్‌కి ఆఖరి రోజు, ఆడిటర్‌కి వెళ్లాల్సిన లెక్కలు, వీసా ఫైల్‌కి జత చేయాల్సిన పత్రాలు.. ఇవన్నీ అవుట్‌బాక్స్‌లోనే ఇరుక్కుపోతాయి.

ఈ టైమ్‌లో చాలామంది చేసే మొదటి పని పాస్‌వర్డ్ మార్చేయడం. సమస్య పెద్దదయ్యేది కూడా సరిగ్గా అక్కడే! ఎందుకంటే చాలాసార్లు మీ పాస్‌వర్డ్ తప్పేమీ కాదు. దాన్ని సర్వర్‌కి చెప్పే పద్ధతి పాతబడిపోయింది. అసలు ఈ ఎర్రర్ ఎందుకొస్తుంది? థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లలో దీన్ని ఎలా సరిచేసుకోవాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముఖ్యాంశాలు

- మెయిల్ వచ్చే సర్వర్ వేరు, వెళ్లే సర్వర్ వేరు. రెండింటికీ లాగిన్ విడివిడిగా జరుగుతుంది.
- ఎర్రర్‌లో కనిపించే మూడంకెల నంబర్ చూస్తే సగం జవాబు దొరికినట్లే.
- గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే అప్పటిదాకా పనిచేస్తున్న యాప్ పాస్‌వర్డ్‌లు కూడా రద్దవుతాయి.
- గూగుల్ సెర్చ్‌లో దొరికే "కస్టమర్ కేర్" నంబర్లకు ఫోన్ చేయొద్దు.

వచ్చే దారి వేరు.. వెళ్లే దారి వేరు

"పాస్‌వర్డ్ తప్పయితే మెయిల్స్ ఎలా వస్తున్నాయి?" ఇదే అందరికీ వచ్చే డౌట్. సమాధానం సింపుల్. మీ మెయిల్ ప్రోగ్రామ్ రెండు వేర్వేరు సర్వర్లతో మాట్లాడుతుంది. మెయిల్స్ తెచ్చుకోవడానికి ఐమ్యాప్ లేదా పాప్ అనే పద్ధతి వాడుతుంది. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ వాడుతుంది. ఒక్కో సర్వర్‌కి పేరు వేరు, పోర్ట్ నంబర్ వేరు, లాగిన్ సెట్టింగ్ కూడా వేరే.

అంతేకాదు.. థండర్‌బర్డ్ ఈ రెండు పాస్‌వర్డ్‌లను కూడా విడివిడిగా దాచుకుంటుంది. సేవ్డ్ పాస్‌వర్డ్స్ లిస్ట్ తెరిస్తే ఒకే అకౌంట్‌కి ఐమ్యాప్‌తో మొదలయ్యే లైన్ ఒకటి, ఎస్‌ఎమ్‌టీపీతో మొదలయ్యే లైన్ మరొకటి కనిపిస్తాయి. మొదటిదాంట్లో కొత్త పాస్‌వర్డ్, రెండోదాంట్లో పాతది ఉంటే ఇంకేముంది? మెయిల్స్ వస్తాయి, వెళ్లవు!

ఈ తాళం ఎప్పుడు పడింది?

నిజానికి మొదట్లో మెయిల్ పంపడానికి పాస్‌వర్డే అక్కర్లేదు. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసిన ఎస్‌ఎమ్‌టీపీ నిబంధనల్లో లాగిన్ అనే మాటే లేదు. అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి యూనివర్సిటీలు, పరిశోధనా సంస్థలు. ఎవరు ఏ సర్వర్‌కి మెయిల్ ఇచ్చినా అది తీసుకుని ముందుకు పంపేసేది.

ఇంటర్నెట్ జనంలోకి వచ్చాక ఈ మంచితనమే కొంప ముంచింది. ఎవరి సర్వర్‌నైనా వాడుకుని లక్షల్లో స్పామ్ పంపడం మొదలైంది. దాంతో పంపేవాడు ఎవరో అడగాల్సిన అవసరం వచ్చింది. 1998 డిసెంబర్‌లో యూజర్లు మెయిల్ అప్పగించడానికి ప్రత్యేకంగా 587 పోర్ట్‌ను కేటాయించారు. 1999 మార్చిలో ఎస్‌ఎమ్‌టీపీకి లాగిన్ పద్ధతిని జోడించారు. అంటే పంపే దారికి తాళం తర్వాత బిగించారన్నమాట. సెట్టింగ్స్‌లో ఇప్పటికీ రెండూ విడివిడిగా ఉండటానికి కారణం ఇదే.

పాస్‌వర్డ్ కరెక్టే.. మరి ఎందుకు కాదంటోంది?

గత కొన్నేళ్లలో పెద్ద కంపెనీలన్నీ ఒక నిర్ణయం తీసుకున్నాయి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నేరుగా ప్రోగ్రామ్‌లో కొట్టి లాగిన్ అయ్యే పాత పద్ధతిని ఆపేస్తూ వచ్చాయి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడైనా లీకైతే మొత్తం అకౌంట్ పోతుంది కాబట్టి.

జీమెయిల్ విషయానికొస్తే.. "లెస్ సెక్యూర్ యాప్స్" అనే ఆప్షన్‌ను వ్యక్తిగత అకౌంట్లకు 2022 మే 30 నుంచి గూగుల్ తీసేసింది. ఆఫీసులు, కాలేజీలు వాడే వర్క్‌స్పేస్ అకౌంట్లకు కూడా 2025లో ఈ పద్ధతి ఆగిపోయింది. ఇక మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్.కామ్, హాట్‌మెయిల్ లాంటి వ్యక్తిగత అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16 నుంచి పాత లాగిన్‌ను ఆపేసింది.

దాని బదులు ఇప్పుడు నడుస్తున్న పద్ధతి పేరు ఓఆత్ 2. ఇందులో మీ మెయిల్ ప్రోగ్రామ్‌కి పాస్‌వర్డ్ అసలు తెలియదు. ఓ చిన్న విండో తెరుచుకుంటుంది. అందులో గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ పేజీలోనే మీరు లాగిన్ అయి "సరే, ఈ ప్రోగ్రామ్‌కి అనుమతి ఇస్తున్నా" అని చెబుతారు. ఆ తర్వాత సర్వర్ ఆ ప్రోగ్రామ్‌కి ఒక టోకెన్ ఇస్తుంది. గుడిలో దర్శనం టికెట్ లాంటిదనుకోండి. లోపలికి వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు వాళ్ల చేతిలో పెట్టి రానక్కర్లేదు, టికెట్ చూపిస్తే చాలు. కావాలంటే ఆ ఒక్క టికెట్‌నే రద్దు చేసుకోవచ్చు కూడా.

ఎప్పుడో ఐదారేళ్ల కింద సెట్ చేసి వదిలేసిన కంప్యూటర్‌లో మాత్రం ఇంకా "నార్మల్ పాస్‌వర్డ్" అనే ఉంటుంది. అందుకే పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా తలుపు తెరుచుకోదు.

ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి

సెట్టింగ్స్ కెలకడానికి ముందు బ్రౌజర్ తెరిచి అదే అకౌంట్‌లోకి వెళ్లండి. అక్కడి నుంచి మీ ఇంకో మెయిల్‌కి ఒక చిన్న మెసేజ్ పంపండి.

వెళ్లిపోయిందా? అయితే అకౌంట్ బాగానే ఉంది, తేడా కంప్యూటర్‌లోని సెట్టింగ్స్‌లోనే ఉంది. బ్రౌజర్‌లోనే లాగిన్ కాలేకపోతే మాత్రం కథ వేరు. పాస్‌వర్డ్ మర్చిపోయి ఉండొచ్చు, అకౌంట్ లాక్ అయి ఉండొచ్చు, లేదంటే ఎవరైనా చొరబడి ఉండొచ్చు. అప్పుడు మాత్రమే అకౌంట్ రికవరీ, పాస్‌వర్డ్ మార్పు గురించి ఆలోచించాలి.

ఇదే టెస్ట్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. అర్జెంట్‌గా వెళ్లాల్సిన మెయిల్ ఉంటే బ్రౌజర్ నుంచే పంపేయొచ్చు. రిపేర్ పని ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఎర్రర్ నంబర్ ఏం చెబుతోంది?

ఎర్రర్ బాక్స్ రాగానే కంగారులో ఓకే కొట్టేస్తాం. ఈసారి ఆగి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. అందులో మూడంకెల నంబర్ ఉంటుంది. 4తో మొదలైతే అది తాత్కాలిక సమస్య, కాసేపు ఆగితే సర్దుకోవచ్చు. 5తో మొదలైతే ఎన్నిసార్లు సెండ్ కొట్టినా లాభం లేదు, మీ వైపు ఏదో ఒకటి మారాల్సిందే.

తరచూ కనిపించేవి ఇవీ:

- 535 5.7.8: యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒప్పుకోవట్లేదు. జీమెయిల్‌లో ఇది వస్తే చాలావరకు పాత పద్ధతిలో లాగిన్ అవుతున్నారనే అర్థం.
- 534 5.7.9: మామూలు పాస్‌వర్డ్ పనికిరాదు, యాప్ పాస్‌వర్డ్ కావాలి అని జీమెయిల్ స్పష్టంగా చెబుతోంది.
- 534 5.7.14: ముందు బ్రౌజర్‌లో లాగిన్ అయి రమ్మంటోంది. గూగుల్‌కి ఏదో అనుమానం వచ్చింది.
- 535 5.7.139: మైక్రోసాఫ్ట్ వైపు నుంచి వచ్చేది. పాత లాగిన్ ఆపేశామనో, మీ ఆఫీసు ఖాతాకి ఈ సౌకర్యం ఆఫ్‌లో ఉందనో చెబుతుంది. ఆఫీసు ఖాతా అయితే మీ ఐటీ వాళ్లే దీన్ని సరిచేయగలరు.
- 530 5.7.0: మీ ప్రోగ్రామ్ లాగిన్ కాకుండానే, లేదా ఎన్‌క్రిప్షన్ లేకుండానే మెయిల్ పంపబోయింది.
- 554 లేదా 550, పక్కన "రిలే" అనే మాట: మీరెవరో చెప్పకుండా బయటి అడ్రస్‌కి మెయిల్ పంపమంటున్నారు. సాధారణంగా అవుట్‌గోయింగ్ సర్వర్‌కి లాగిన్ ఆప్షన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఇలా వస్తుంది.
- 454 4.7.0: వరసగా చాలాసార్లు లాగిన్‌కి ప్రయత్నించారు. కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఇక అసలు నంబరే లేకుండా "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని వస్తే అది లాగిన్ సమస్య కాదు. సర్వర్ దాకా మీ కంప్యూటర్ చేరనే లేదు. పోర్ట్ నంబర్, ఇంటర్నెట్, ఫైర్‌వాల్ చూసుకోవాలి.

థండర్‌బర్డ్‌లో ఇలా చేయండి

ముందుగా ప్రోగ్రామ్‌ని లేటెస్ట్ వెర్షన్‌కి అప్‌డేట్ చేసుకోండి. పాత వెర్షన్లలో కొన్ని అకౌంట్లకు ఓఆత్ 2 ఆప్షనే కనిపించదు. ఆ తర్వాత..

1. అకౌంట్ సెట్టింగ్స్ తెరవండి. ఎడమవైపు లిస్ట్‌లో అన్నిటికంటే కింద "అవుట్‌గోయింగ్ సర్వర్ ఎస్‌ఎమ్‌టీపీ" అని ఉంటుంది. చాలామందికి ఇది కంటపడదు, ఎందుకంటే ఇది మీ అకౌంట్ పేరు కింద ఉండదు, విడిగా ఉంటుంది.
2. మీ సర్వర్‌ని సెలెక్ట్ చేసి ఎడిట్ నొక్కండి.
3. యూజర్ నేమ్ దగ్గర పూర్తి మెయిల్ అడ్రస్ ఉందో లేదో చూడండి. పేరు మాత్రమే కొట్టి, ఎట్ గుర్తు తర్వాతి భాగం వదిలేస్తే చాలా సర్వర్లు ఒప్పుకోవు.
4. "కనెక్షన్ సెక్యూరిటీ", "పోర్ట్" సరిపోలుతున్నాయా చూడండి. 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్. ఈ జంటలు తారుమారైతే పని జరగదు.
5. "అథెంటికేషన్ మెథడ్" దగ్గర జీమెయిల్, మైక్రోసాఫ్ట్, యాహూ అకౌంట్లకు ఓఆత్ 2 పెట్టండి.
6. ఇప్పుడు సెట్టింగ్స్‌లో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ"కి వెళ్లి "సేవ్డ్ పాస్‌వర్డ్స్" తెరవండి. ఆ అకౌంట్‌కి చెందిన పాత ఎస్‌ఎమ్‌టీపీ లైన్ తీసేయండి. ఓఆత్ అని మొదలయ్యే లైన్ అప్పటికే ఉండి పనిచేయట్లేదంటే దాన్నీ తీసేయండి.
7. థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరిచి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. లాగిన్ విండో వస్తుంది. అందులో లాగిన్ అయి అనుమతి ఇవ్వండి.

ఆ విండో తెల్లగా వచ్చి ఆగిపోతే కుకీస్ ఆఫ్‌లో ఉన్నాయేమో చూడండి. అదే ప్రైవసీ పేజీలో "యాక్సెప్ట్ కుకీస్" టిక్ అయి ఉండాలి. అది లేకపోతే ఓఆత్ లాగిన్ పూర్తికాదు.

మరో మాట. పంపే సర్వర్‌కి ఓఆత్ పెట్టి, వచ్చే సర్వర్‌ని పాత పద్ధతిలో వదిలేయకండి. ఆ అకౌంట్ కింద "సర్వర్ సెట్టింగ్స్"లో కూడా అదే మార్పు చేయండి. లేదంటే రేపు ఇటు నుంచి ఆగిపోతుంది.

యాప్ పాస్‌వర్డ్ ఎప్పుడు కావాలి?

అన్ని ప్రోగ్రామ్‌లకూ ఓఆత్ రాదు. షాపులో బిల్లులు మెయిల్ చేసే సాఫ్ట్‌వేర్, ఆఫీసులో స్కాన్ చేసి నేరుగా మెయిల్ పంపే జిరాక్స్ మెషిన్, పాత అవుట్‌లుక్ వెర్షన్.. ఇలాంటివాటికి గూగుల్ ఇచ్చే వెసులుబాటే యాప్ పాస్‌వర్డ్. ఇది 16 అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డ్.

దీనికోసం ముందు అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఉండాలి. తర్వాత గూగుల్ అకౌంట్ పేజీలో "యాప్ పాస్‌వర్డ్స్" అని సెర్చ్ చేస్తే ఆ పేజీ వస్తుంది. ఒక పేరు ఇచ్చి క్రియేట్ కొడితే నాలుగేసి అక్షరాల చొప్పున నాలుగు ముక్కలుగా చూపిస్తుంది. మధ్యలో ఖాళీలు లేకుండా కాపీ చేసి, మెయిల్ ప్రోగ్రామ్‌లో పాస్‌వర్డ్ అడిగిన చోట పెట్టండి. అథెంటికేషన్ మెథడ్ "నార్మల్ పాస్‌వర్డ్" అనే ఉంచాలి. ఇది ఒక్కసారే కనిపిస్తుంది, విండో మూశాక మళ్లీ చూపించదు. పోతే బాధేం లేదు, పాతది తీసేసి కొత్తది తీసుకోవచ్చు.

ఒక్కో మెషిన్‌కి ఒక్కో యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. "స్కానర్", "బిల్లింగ్ కంప్యూటర్" అని పేర్లు పెట్టుకోండి. రేపు ఆ కంప్యూటర్ అమ్మేసినా, పోయినా ఆ ఒక్కదాన్నే రద్దు చేస్తే సరిపోతుంది.

యాప్ పాస్‌వర్డ్స్ పేజీ అసలు కనిపించట్లేదా? ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్ అయితే అడ్మిన్ ఆపి ఉండొచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ కేవలం సెక్యూరిటీ కీతో పెట్టుకున్నవాళ్లకు, అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ ఆన్ చేసినవాళ్లకు కూడా ఇది రాదు.

ఇప్పుడు అసలు విషయం. గూగుల్ పాస్‌వర్డ్ మార్చగానే అప్పటిదాకా తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. ఒక కంప్యూటర్‌లో ఎర్రర్ వచ్చిందని పాస్‌వర్డ్ మారిస్తే, అప్పటిదాకా చక్కగా పనిచేస్తున్న స్కానర్, బిల్లింగ్ కంప్యూటర్, పక్క గదిలోని ల్యాప్‌టాప్ అన్నీ ఒకేసారి మొరాయిస్తాయి. ఓఆత్ అనుమతి కూడా మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఒక ఆఫీసు మెయిల్‌ని నలుగురు వాడుతున్న చోట ఇది పెద్ద తలనొప్పి. అందుకే అకౌంట్ హ్యాక్ అయిందన్న అనుమానం ఉంటే తప్ప పాస్‌వర్డ్ జోలికి వెళ్లొద్దు.

మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత మెయిల్‌కి మాత్రం ఈ చిట్కా పనిచేయదు. అక్కడ పాత పద్ధతి ఆగిపోయాక ఓఆత్ ఉన్న ప్రోగ్రామ్ వాడటమే దారి.

అవుట్‌లుక్ వాడుతున్నారా?

పాత తరహా అవుట్‌లుక్‌లో అయితే ఫైల్ మెనూలో "అకౌంట్ సెట్టింగ్స్"కి వెళ్లి, మీ అకౌంట్ మీద "ఛేంజ్" నొక్కి, "మోర్ సెట్టింగ్స్" తెరవండి. అందులో "అవుట్‌గోయింగ్ సర్వర్" అనే ట్యాబ్ ఉంటుంది. "మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ అథెంటికేషన్" అన్న దగ్గర టిక్ ఉండాలి. దాని కింద ఇన్‌కమింగ్ సర్వర్ సెట్టింగ్స్‌నే వాడమనే ఆప్షన్ ఎంచుకోండి. "రిలే" అనే మాటతో వచ్చే ఎర్రర్‌కి చాలాసార్లు ఈ ఒక్క టిక్కే మందు. పక్కనే ఉన్న "అడ్వాన్స్‌డ్" ట్యాబ్‌లో పోర్ట్, ఎన్‌క్రిప్షన్ చూసుకోండి.

అయినా పాస్‌వర్డ్ బాక్స్ పదేపదే వస్తుంటే విండోస్ దాచుకున్న పాత లాగిన్ అడ్డుపడుతుండొచ్చు. అవుట్‌లుక్ మూసేసి, కంట్రోల్ ప్యానెల్‌లో "క్రెడెన్షియల్ మేనేజర్" తెరవండి. విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ మెయిల్‌కి సంబంధించిన ఎంట్రీలు తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

అప్పటికీ కాకపోతే ఆ అకౌంట్‌ని తీసేసి మళ్లీ యాడ్ చేయొచ్చు. కానీ ఆగండి! పాప్ పద్ధతిలో ఉన్న అకౌంట్ అయితే మెయిల్స్ మీ కంప్యూటర్‌లోని ఫైల్‌లోనే ఉండి, సర్వర్‌లో ఉండకపోవచ్చు. బ్యాకప్ తీసుకోకుండా తీసేస్తే ఏళ్ల నాటి మెయిల్స్ గల్లంతయ్యే ప్రమాదం ఉంది. ముందు ఆ డేటా ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతకంటే పాతవి వాడుతుంటే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టేకంటే థండర్‌బర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌కి మారడం మేలు.

ఏ మెయిల్‌కి ఏ సర్వర్?

ఇవి కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టాలి.

- జీమెయిల్: ఎస్‌ఎమ్‌టీపీ.జీమెయిల్.కామ్. పోర్ట్ 465 లేదా 587.
- అవుట్‌లుక్.కామ్, హాట్‌మెయిల్: ఎస్‌ఎమ్‌టీపీ-మెయిల్.అవుట్‌లుక్.కామ్. పోర్ట్ 587, ఓఆత్ 2 తప్పనిసరి.
- యాహూ: ఎస్‌ఎమ్‌టీపీ.మెయిల్.యాహూ.కామ్. పోర్ట్ 465 లేదా 587. ఓఆత్ లేకపోతే యాప్ పాస్‌వర్డ్ కావాలి.
- జోహో: భారత్‌లో తెరిచిన అకౌంట్లకు ఎస్‌ఎమ్‌టీపీ.జోహో.ఇన్. పోర్ట్ 465 లేదా 587.

జోహో దగ్గర ఓ చిన్న తిరకాసు ఉంది. చివర "కామ్" పెడతారు చాలామంది. అకౌంట్ ఇండియా డేటా సెంటర్‌లో ఉంటే "ఇన్" పెట్టాలి, లేకపోతే పాస్‌వర్డ్ కరెక్టయినా లాగిన్ ఫెయిల్ అవుతుంది. సొంత డొమైన్‌తో వాడే సంస్థల అకౌంట్లకు సర్వర్ పేరు మొదట్లో ఎస్‌ఎమ్‌టీపీప్రో అని ఉంటుంది. కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 అక్టోబర్‌లో తన మెయిల్‌ను జోహోకు మార్చుకున్నట్లు ప్రకటించిన సంగతి తెలిసిందే. ఆ బాటలో కొత్తగా జోహోకి మారినవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో వాడుకునే సౌకర్యం మీ ప్లాన్‌లో ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

సొంత వెబ్‌సైట్ పేరుతో మెయిల్ వాడేవాళ్లు సర్వర్ పేరు, పోర్ట్ వివరాలు హోస్టింగ్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లోనే చూసుకోవాలి. అక్కడ యూజర్ నేమ్ అంటే దాదాపు ఎప్పుడూ పూర్తి మెయిల్ అడ్రస్సే. హోస్టింగ్ మార్చిన కొత్తల్లో పాత సర్వర్ పేరు కంప్యూటర్‌లో ఉండిపోవడం కూడా మామూలే.

అన్నీ కరెక్టే.. అయినా వెళ్లట్లేదా?

*కంప్యూటర్ తేదీ చూడండి.* పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు సర్వర్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదని కంప్యూటర్ అనుకుంటుంది. ఆ బ్యాటరీ మార్చుకుంటే సమస్య పోతుంది.

*యాంటీవైరస్.* కొన్ని యాంటీవైరస్‌లు వెళ్లే మెయిల్‌ని మధ్యలో ఆపి స్కాన్ చేస్తాయి. దానివల్ల సురక్షిత కనెక్షన్ తెగిపోతుంది. మొత్తం యాంటీవైరస్ ఆఫ్ చేయకుండా, "మెయిల్ స్కాన్" ఆప్షన్ ఒక్కటే కాసేపు ఆపి చూడండి.

*పోర్ట్ 25.* చాలా పాత సెట్టింగ్స్‌లో ఈ నంబర్ ఉంటుంది. స్పామ్ కట్టడి కోసం ఇంటర్నెట్ కంపెనీలు దీన్ని బ్లాక్ చేస్తుంటాయి. 465 లేదా 587కి మార్చేయండి.

*రెండు మూడు అకౌంట్లు ఉంటే..* ఆఫీసు అడ్రస్‌తో రాసిన మెయిల్‌ని ప్రోగ్రామ్ మీ సొంత జీమెయిల్ సర్వర్ ద్వారానో, ఇంకో సర్వర్ ద్వారానో పంపబోతుండొచ్చు. "ఈ అడ్రస్‌తో పంపే అనుమతి మీకు లేదు" అనే అర్థంతో 550, 553 నంబర్లు వస్తే అనుమానించాల్సింది దీన్నే. థండర్‌బర్డ్‌లో ప్రతి అకౌంట్ పేజీ కింద ఏ అవుట్‌గోయింగ్ సర్వర్ వాడాలో ఎంచుకునే చోటు ఉంటుంది. దాన్ని సరిచేయండి.

ఇవి లాగిన్ సమస్యలు కావు!

మెయిల్ మీ దగ్గర నుంచి వెళ్లిపోయి, కాసేపటికి వెనక్కి తిరిగొస్తే అది వేరే వ్యవహారం. అందులో 550 5.7.26 అని ఉంటే, మీ డొమైన్ నిజమైనదేనని గూగుల్‌కి నమ్మకం కలగలేదని అర్థం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. డొమైన్ సెట్టింగ్స్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రికార్డులు పెట్టించాలి. ఇది మీ వెబ్‌సైట్ చూసేవాళ్ల పని, మీ పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు.

అలాగే మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మెయిల్స్ వరకే పంపగలం. పెళ్లి శుభలేఖలు, దుకాణం ఆఫర్లు గంపగుత్తగా పంపితే ఆ రోజుకి తలుపు మూసుకుంటుంది. అప్పుడు వచ్చే నంబర్ 550 5.4.5. మళ్లీ తెరుచుకునేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది

ఎర్రర్ వచ్చి పని ఆగిపోయినప్పుడు మనిషి తొందరలో ఉంటాడు. మోసగాళ్లకు కావాల్సింది కూడా అదే. సెర్చ్‌లో "మెయిల్ కస్టమర్ కేర్ నంబర్" అని వెతికితే నకిలీ నంబర్లు తగిలే అవకాశం ఉంది. ఫోన్ ఎత్తగానే "మీ స్క్రీన్ మాకు చూపించండి" అంటూ రిమోట్ యాప్ వేయిస్తారు. మెయిల్ చేతిలోకి వెళ్తే బ్యాంకు పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసే లింకులన్నీ వాళ్లకే వెళ్తాయి.

ఇంకో రకం కూడా ఉంది. "మీ మెయిల్‌బాక్స్ అథెంటికేషన్ ముగిసింది, 24 గంటల్లో ఇక్కడ లాగిన్ అవ్వండి" అంటూ ఒక మెయిల్ వస్తుంది. నిజమైన ఎర్రర్ మీరు సెండ్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రామ్‌లో కనిపిస్తుంది. లింక్ పట్టుకుని ఇన్‌బాక్స్‌లోకి రాదు. అలాంటి లింక్ నొక్కకండి.

వ్యాపారం చేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మెయిల్‌లోకి చొరబడ్డవాళ్లు వెంటనే గొడవ చేయరు. మీకొచ్చే మెయిల్స్ తమకు కూడా వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టుకుని, ఇన్‌వాయిస్ వెళ్లే రోజు కోసం కాచుకుంటారు. ఆ రోజు బ్యాంకు అకౌంట్ నంబర్ మార్చి పంపుతారు. అందుకే బ్రౌజర్‌లో లాగిన్ అయినప్పుడు ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ సెట్టింగ్స్, ఈ మధ్య ఏయే డివైజ్‌ల నుంచి లాగిన్ అయ్యారో ఒకసారి చూసేయండి. మీకు తెలియనిది కనిపిస్తే, అప్పుడు మాత్రం క్షణం ఆలోచించకుండా పాస్‌వర్డ్ మార్చండి. మిగతా మెషిన్లు ఆగిపోయినా పర్వాలేదు.

డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే 1930 నంబర్‌కి ఫోన్ చేయండి. ఇది జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ వరస గుర్తుంచుకోండి

ఎర్రర్ వచ్చిందా? ముందు ఫొటో తీసుకోండి. బ్రౌజర్ నుంచి అర్జెంట్ మెయిల్ పంపేయండి. నంబర్ చదవండి. అవుట్‌గోయింగ్ సర్వర్‌లో యూజర్ నేమ్, పోర్ట్, అథెంటికేషన్ మెథడ్ చూడండి. దాచుకున్న పాత పాస్‌వర్డ్ తీసేయండి. ఓఆత్‌తో లాగిన్ అవ్వండి, కుదరకపోతే యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. పాస్‌వర్డ్ మార్చడం ఈ లిస్ట్‌లో అన్నిటికంటే చివరిది. అది కూడా అకౌంట్ మీద ఎవరి చెయ్యో పడిందని అనుమానం ఉంటేనే!